మ్రింగిన దారినే చికిత్స – ఆహారవాహిక చిల్లులు, ఎండోస్కోపీ

మనిషి మెలకువలోనూ నిద్రలోనూ కలిపి రోజుకు కొన్ని వందలసార్లు మ్రింగుతాడు. అన్నం ముద్దను మ్రింగుతాడు, నీళ్ళ గుక్కను మ్రింగుతాడు, ఏమీ లేనప్పుడు నోటిలో ఊరిన లాలాజలాన్నే మ్రింగుతూ ఉంటాడు. అయినప్పటికీ నోటికీ జీర్ణాశయానికీ నడుమ ఒక గొట్టం ఉన్నదన్న స్పృహ అతనికి కలుగదు. ఆ గొట్టమే ఆహారవాహిక. కొన్ని గ్రంథాలలో దీనిని అన్నవాహిక అన్నారు. ఆ మాట నాకు ఇంపుగా తోచినా, నేటి విద్యార్థులకు పరిచయమైన పేరునే ఈ వ్యాసంలో వాడుతున్నాను.

తెలుగు సాహిత్యం బోధించుకొనేవాడికి ఈ వైద్యవిషయంతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చును. ఇది నేను కోరి నేర్చుకొన్న విద్య కాదు. మా మామూ, అంటే మా అమ్మకు అన్నగారు, ఒక బక్రీదు నాటి రాత్రి భోజనంలో చిన్న ఎముక ముక్కను మ్రింగారు. గొంతు దిగువన ఏదో గుచ్చుకొన్నదన్నారు. ఇంట్లోని పెద్దలు తమకు తెలిసిన వైద్యమే చేశారు. ముందు ఒక అరటిపండు నమలకుండా మ్రింగించారు. తరువాత గట్టిగా పిసికిన అన్నం ముద్దలు రెండు మూడు మ్రింగించారు. గుచ్చుకొన్న బాధ తగ్గింది, అందరం నిద్రపోయాం. మరునాటి సాయంకాలానికి జ్వరం, రొమ్ము వెనుక నొప్పి, వీపులోకి పోటు. దగ్గరలోని ఒక వైద్యశాలలో గ్యాసు నొప్పి అని మాత్రలిచ్చి పంపారు. మూడవనాడు మెడ ఉబ్బింది. వ్రేలితో నొక్కితే చర్మం క్రింద ఇసుక నలిగినట్లు కరకరలాడింది. ఆ కరకర శబ్దానికి అర్థం తెలిసిన యువవైద్యుడొకడు అదే రాత్రి ఆయనను హైదరాబాదుకు పంపించాడు. అక్కడ ఇరవై తొమ్మిది రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చొని నేను చూచినవీ, విన్నవీ, తిరిగివచ్చిన తరువాత గ్రంథాలలో చదివి సరిచూచుకొన్నవీ ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆహారవాహిక పెద్దవారిలో సుమారు 25 సెంటీమీటర్ల పొడవుంటుంది. గొంతు దగ్గర మొదలై, శ్వాసనాళానికి వెనుకగా, వెన్నెముకకు ముందుగా దిగి, గుండె వెనుకనుండి సాగి, ఛాతీనీ ఉదరాన్నీ వేరుచేసే కండరపు తెరను దాటి జీర్ణాశయంలో కలుస్తుంది. లోపల మెత్తని పొర, దానిని చుట్టి కండరాల పొరలు. ముద్ద తన బరువుతో క్రిందికి జారుతుందని మనం అనుకొంటాం గాని, నిజానికి ఈ కండరాలే అలలాగా ముడుచుకొంటూ దానిని నెట్టుకొంటూ పోతాయి. జీర్ణాశయానికీ ప్రేగులకూ వెలుపల పలుచనిదైనా గట్టి పొర ఒకటి ఉంటుంది. ఛాతీలోని ఆహారవాహికకు ఆ కవచం లేదు. అందుచేత అది చిరిగితే చిరుగు తేలికగా ఆవలికి సాగుతుంది, కుట్టు వేస్తే కుట్టు పట్టు చిక్కదు.

చిల్లు చిన్నదే కావచ్చును. అది పడే చోటే ప్రమాదకరమైనది. రెండు ఊపిరితిత్తుల నడుమ, గుండె, మహాధమని, శ్వాసనాళం ఒకదానినొకటి ఆనుకొని ఉన్న ప్రదేశమది. మనం శ్వాస పీల్చినప్పుడల్లా ఛాతీలోని పీడనం తగ్గుతుంది. అలా తగ్గటంవల్లనే గాలి లోనికి వస్తుంది. చిల్లు పడినవాడు శ్వాస పీల్చినప్పుడల్లా లాలాజలమూ, తిన్న ఆహారమూ, క్రిందినుండి ఎగదన్నిన జఠరరసమూ ఆ చిల్లుగుండా గుండె ప్రక్కకు లాగబడతాయి. ప్రాణం నిలుపుకొనటానికి తీసుకొనే ఊపిరే విషాన్ని లోనికి తోడుతుందన్నమాట. నోటిలోని సూక్ష్మక్రిములకు అక్కడ అడ్డు లేదు. కొద్ది గంటలలో వాపు, ఒకటి రెండు రోజులలో చీము, ఆపైన రక్తమంతా విషపూరితం కావటం – ఇదీ క్రమం. మామూ మెడ క్రింద కరకరలాడినది, చిల్లుగుండా తప్పించుకొని చర్మం క్రిందికి ప్రాకిన గాలియే.

ఈ విపత్తును మొట్టమొదట వివరంగా వర్ణించినవాడు హాలెండు దేశంలో లైడెన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు హెర్మన్ బూర్‌హావె. 1723 అక్టోబరులో డచ్చి నౌకాదళాధిపతి జాన్ వాన్ వాస్సెనేర్‌కు కడుపు బరువుగా ఉండి వాంతికి మందు పుచ్చుకొన్నాడు. బలవంతంగా డోకుతున్న సమయంలో ఛాతీలో ఏదో తెగినట్లు భరించరాని నొప్పి వచ్చింది. ఐరోపాలో ఆనాడు పేరెన్నికగన్న బూర్‌హావె స్వయంగా వచ్చి ప్రక్కన ఉన్నాడు గాని వ్యాధి ఏమిటో తెలుసుకోలేకపోయాడు. ఒక్కరోజు గడవకముందే రోగి మరణించాడు. శవాన్ని పరీక్షింపగా ఆహారవాహిక చిరిగి, తిన్న బాతు మాంసం వాసన ఛాతీలోనుండి వచ్చింది. 1724లో బూర్‌హావె ఈ వృత్తాంతాన్ని దాచకుండా ప్రకటించాడు. తనకు అర్థంకాని కేసును ఇంత నిజాయితీగా వ్రాసినందుకే కాబోలు, వాంతివల్ల ఆహారవాహిక చీలిపోవటాన్ని ఈనాటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. అటువంటి చీలికను శస్త్రచికిత్సతో కుట్టి రోగిని బ్రతికించిన వార్త వైద్యలోకానికి అందటానికి 1947 దాకా ఆగవలసి వచ్చింది. ఆ పని చేసినవారిలో ప్రముఖుడు ఇంగ్లండులోని నార్మన్ బారెట్. నడుమ రెండు శతాబ్దాలకు పైగా ఈ చిల్లు అంటే మరణమే.

వాంతివల్ల చీలటం అరుదు. ఈనాడు వైద్యులు ఎక్కువగా చూసే లీకులు వైద్యంలోనుండే పుట్టినవి. ఆహారవాహికకు క్యాన్సరు సోకినప్పుడు ఆ భాగాన్ని తొలగించి, జీర్ణాశయాన్ని గొట్టంలా మలచి పైకి లాగి అతుకుతారు. ఆ అతుకు పెద్ద వైద్యకేంద్రాలలో సైతం సుమారు పదిమందిలో ఒకరికి కారుతుంది. ఇరుకైన వాహికను వెడల్పు చేసేటప్పుడు చిరగటం మరొక కారణం. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ త్రాగి వాహిక మూసుకుపోయిన అభాగ్యులకు ఈ వెడల్పు చేయించుకోవటం పదేపదే తప్పదు. ఇక మ్రింగరానివి మ్రింగటం: ఎముకలు, చేపముళ్ళు, ఊడిన కట్టుడు పళ్ళు. పసిపిల్లలున్న ఇంటివారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. బొమ్మలలోనూ గడియారాలలోనూ ఉండే గుండ్రని బిళ్ళ బ్యాటరీ పిల్లవాడి గొంతులో చిక్కుకొంటే రెండు గంటలలోనే అక్కడి కండను కాల్చివేయగలదు. తెల్లవారేదాకా చూద్దామనుకోవటానికి వీలులేదు. గుచ్చుకొన్న ఎముకను ముద్దతో నెట్టటం కూడా అటువంటి పొరపాటే. ముద్ద ఎముకను క్రిందికే నెడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ప్రక్కకు నెట్టితే గోడను పొడుస్తుంది. మా ఇంట జరిగినది అదే.

శస్త్రచికిత్స అంటే ప్రక్కటెముకల నడుమ కోసి, ఊపిరితిత్తిని ప్రక్కకు ఒత్తి, చిల్లును వెదకి కుట్టటం. మొదటి 24 గంటలలో అయితే కండ ఇంకా పదునుగా ఉంటుంది గనుక కుట్టు నిలుస్తుంది. ఆ తరువాత గోడ నానిన కాగితం వంటిది. దారం బిగించినకొద్దీ కోసుకొంటూ పోతుంది. ఆలస్యంగా వచ్చినవారిలో మరణాలు ఎక్కువగా ఉండటానికి ముఖ్యకారణం అప్పటికే ప్రాకిన చీము అయితే, రెండవ కారణం కుట్టు నిలువకపోవటం. మామూ మూడవనాటి రాత్రి చేరారు. వయసు అరవై దాటింది, మధుమేహం ఉన్నది. ఛాతీ తెరిస్తే తట్టుకొంటారో లేదో చెప్పలేమన్నారు. అప్పుడే ఎండోస్కోపీ మాట వచ్చింది.

లోపలి అవయవాలను కంటితో చూడాలన్న ఆశ పాతదే. 1868లో జర్మనీలోని ఫ్రైబుర్గు వైద్యుడు అడోల్ఫ్ కుస్‌మౌల్, కత్తులు మ్రింగే గారడీవాడొకణ్ణి పిలిపించి, అతని గొంతులోకి తిన్నని లోహపు గొట్టాన్ని దింపి జీర్ణాశయాన్ని చూడటానికి ప్రయత్నించాడు. మన జాతరలలో కత్తిని మ్రింగేవాణ్ణి చూచి నోరు తెరచినవారమే గాని, ఆ విద్యలో వైద్యానికి దారి ఉన్నదని మనకు తోచలేదు! కుస్‌మౌల్ గొట్టం దిగింది, కాని లోపల వెలుగు చాలలేదు. వెలుగును వంపులు త్రిప్పగల గాజుపోగులు రావటానికి మరో ఎనభై ఆరేళ్ళు పట్టింది. పంజాబులో పుట్టి లండనులో పరిశోధన చేసిన నరీందర్ సింగ్ కపానీ, తన ఆచార్యుడు హెరాల్డ్ హాప్‌కిన్స్‌తో కలిసి, వెంట్రుకలవంటి గాజుపోగుల కట్ట ఒక బొమ్మను ఈ కొసనుండి ఆ కొసకు మోయగలదని 1954లో ప్రకటించాడు. 1957లో అమెరికాలో బాసిల్ హిర్షోవిట్జ్ ఆ పోగులతో వంగే ఎండోస్కోపును తయారుచేసి, మొట్టమొదట దానిని తానే మ్రింగి చూచుకొన్నాడు. ఇప్పుడు పోగులకు బదులు కొనలోనే చిన్న కెమెరా ఉంటుంది. గొట్టం లావు సుమారు ఒక సెంటీమీటరు. దాని కడుపులో సన్నని సొరంగం, ఆ సొరంగంగుండా పనిముట్లు. చూడటానికి పుట్టిన పరికరం అలా చికిత్స చేయటం నేర్చింది. ఆ నేర్పులో హైదరాబాదుకు మంచి పేరున్నది; అక్కడ ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని నెలకొల్పిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి గారికి 2025లో పద్మవిభూషణ్ పురస్కారం లభించింది. ‘అంతర్దర్శిని’ అన్న చక్కని తెలుగు మాటను ఆసుపత్రిలో ఒక్కరి నోటా వినలేదు. ఆయాలు సైతం ఎండోస్కోపీ అనే అంటారు.

చిల్లు ఎక్కడ ఉన్నదో మొదట తెలియాలి. నీటిలో కరిగే రంగుద్రవాన్ని కొద్దిగా మ్రింగించి సి.టి. స్కాన్ తీస్తే, ఆ ద్రవం ఏ చోట గీత దాటి బయటికి పోయినదీ, చీము ఎక్కడ చేరినదీ కనబడుతుంది. నేను అమాయకంగా, “చిల్లు ఎప్పుడు మూస్తారు?” అని అడిగాను. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ, “మూయటం ఆఖరి పనండీ. ముందు లోపలున్న మురికి బయటికి రావాలి,” అన్నది. ఈ ఒక్క వాక్యం అర్థమైతే ఈ చికిత్సలన్నీ అర్థమవుతాయి. లోపల చీము ఉండగా పైన మూత వేస్తే, చెత్తను లోపలే ఉంచి గది తలుపు బిగించినట్లే. అందువల్ల నోటిద్వారా ఏమీ ఇవ్వకపోవటం, సూక్ష్మక్రిములను చంపే మందులు ఎక్కించటం, చీమును తోడటం, వేరొక దారిన ఆహారం అందించటం – ఇవి ముందు. చిల్లు సంగతి వాటితోబాటు.

అప్పుడే పడిన చిన్న చిల్లుకు, ఉదాహరణకు ఎండోస్కోపీ చేస్తుండగానే పడి అక్కడికక్కడే కనిపించినదానికి, క్లిప్పు చాలు. చిన్న క్లిప్పు సొరంగంగుండా వెళ్ళి చిల్లు అంచులను రెండు పెదవులవలె కలిపి కరచిపట్టుకొంటుంది. అది పైపొరనే పట్టుకొంటుంది గనుక సెంటీమీటరు లోపు చిల్లులకే తగినది. మరింత బలమైన క్లిప్పు ఎండోస్కోపు కొనకు టోపీవలె తొడిగి వస్తుంది; ఎలుగుబంటిని పట్టే బోనుకున్న కోరలవంటి పళ్ళు దానికుంటాయి. కండను టోపీలోకి పీల్చి వదలితే గోడ మందమంతటినీ బిగించి పట్టుకొంటుంది. ఈ పనులు చేసేటప్పుడు లోపలికి మామూలు గాలికి బదులు బొగ్గుపులుసు వాయువును ఊదుతారు. గాలి చిల్లుగుండా ఛాతీలో చేరి ఊపిరితిత్తిని అదిమివేయవచ్చును. బొగ్గుపులుసు వాయువైతే త్వరగా రక్తంలో కలిసి పోతుంది.

రెండవది స్టెంటు. ఇది నిటినాల్ అనే నికెల్–టైటానియం మిశ్రలోహపు తీగతో అల్లిన జల్లెడ గొట్టం. లోహానికి రసాయనపు పొర తొడుగు ఉంటుంది. నిటినాల్‌కు ఒక వింత గుణమున్నది. సన్నగా నొక్కి బంధించినా, విడిచిపెట్టగానే శరీరపు వేడిలో తన అసలు ఆకారాన్ని తెచ్చుకొంటుంది. స్టెంటును చిల్లుకు అడ్డంగా నిలిపితే, లాలాజలం దాని లోపలినుండి క్రిందికి పోతుంది, చిల్లు దాని వెనుక మరుగున మానుతుంది. కొందరికి కొద్ది రోజులలోనే ద్రవాహారం మొదలుపెట్టవచ్చును. నాలుగు నుండి ఆరు వారాలకు దానిని లాగివేస్తారు. చెప్పటానికి ఇంత సుళువైనా స్టెంటు తరచుగా జారిపోతుంది. ముఖ్యంగా జీర్ణాశయం దగ్గర చిల్లు అయితే దానికి పట్టు దొరకదు. పైగా స్టెంటు కప్పుతుందే గాని తోడదు. వెనుక చీము ఉంటే ప్రక్కటెముకల సందునుండి వేరే గొట్టం పెట్టవలసిందే.

మామూకు మూడవది చేశారు. దానిని చూస్తుంటే వైద్యంలో ఇంత సాధారణమైన వస్తువుకు ఇంత శక్తి ఉన్నదా అనిపించింది. ఆ వస్తువు స్పాంజి. శరీరంపై మానని పుండ్లమీద స్పాంజి పెట్టి, పైన గాలి చొరని పొర అతికి, పంపుతో పీల్చితే పుండు త్వరగా మానుతుందని అమెరికా వైద్యులు ఆర్జెంటా, మోరిక్‌వాస్ 1997లో వివరించారు. జర్మనీ వైద్యులు దానిని శరీరం లోపలికి తీసుకుపోయారు. 2008లో హానోవర్ వైద్యులు ఎండోస్కోపీ ద్వారా ఆహారవాహిక అతుకుల లీకులకు వాడిన అనుభవాన్ని ప్రకటించారు.

పద్ధతి ఇది. ముక్కుగుండా వేసే సన్నని గొట్టం కొసకు స్పాంజి ముక్కను దారంతో కట్టి, కత్తెరతో చిల్లు కొలతకు చెక్కుతారు. సిద్ధంగా అమ్మే సరంజామా ఖరీదైనది గనుక చాలాచోట్ల వైద్యులే ఇలా తయారుచేసుకొంటారు. ఎండోస్కోపు దానిని పట్టకారుతో పట్టుకొని లోపలికి మోసి, చిల్లు వెనుక గుహవంటి ఖాళీ ఉంటే ఆ గుహలోనే, లేకుంటే చిల్లుకు ఎదురుగా వాహికలోనే ఉంచుతుంది. గొట్టం రెండవ కొస ముక్కునుండి బయటికి వచ్చి పంపుకు చేరుతుంది. పంపు సాధారణంగా 125 మిల్లీమీటర్ల పాదరసమంత ఋణపీడనంతో, అంటే వాతావరణ పీడనంలో ఆరవ వంతు బలంతో, ఎడతెగక పీల్చుతుంది. స్పాంజి రంధ్రాలగుండా చీము బయటికి వస్తుంది, వాపు దిగుతుంది, గుహ గోడలు దగ్గరకు లాగబడతాయి, రక్తప్రసారం పెరిగి ఎర్రని క్రొత్త కండ మొలుస్తుంది. ఒక్కసారిగా తోడటమూ మూయటమూ జరుగుతాయి. ఇందాక చెప్పిన చిక్కు జ్ఞాపకమున్నవారికి ఇందులోని సొగసు తెలుస్తుంది. శ్వాస పీడనం మురికిని చిల్లులోనికి లాగుతుంటే, స్పాంజి దానికి ఎదురు నిలిచి మురికిని చిల్లులోనుండి వెనుకకు లాగుతుంది.

స్పాంజిని మూడు నుండి ఐదు రోజులకొకసారి మార్చాలి. ఆలస్యమైతే క్రొత్త కండ రంధ్రాలలోనికి మొలిచి, తీసేటప్పుడు నెత్తురు కారుతుంది. మామూకు నాలుగు రోజులకొకటి చొప్పున ఆరు పెట్టారు. ప్రతిసారీ మత్తు, ప్రతిసారీ సంతకం. మొదటిసారి తెర మీద చూపిన గుహ బూడిదరంగులో ఉన్నది. మూడవసారికి ఎర్రబడింది. ఐదవసారికి బఠాణీగింజ పట్టేంత గుంట మిగిలింది. ప్రపంచంలో పలుచోట్ల వైద్యులు ప్రకటించిన అనుభవాలలో ఈ విధంగా నయమైనవారు నూటికి ఎనభైకి అటూ ఇటూగా ఉన్నారు. దీనికీ ఆపదలున్నవి. గుహ పెద్ద రక్తనాళానికి ఆనుకొని ఉంటే తీవ్రమైన రక్తస్రావం కావచ్చును. అది అరుదే గాని ప్రాణాంతకం. లోపలనుండి కుట్లు వేసే పరికరమూ, రెండు కొసలా పందితోకలా చుట్టుకొన్న ప్లాస్టిక్ గొట్టాన్ని చిల్లులో ఉంచి చీమును వాహికలోనికే మళ్ళించే పద్ధతీ కూడా ఉన్నవి. గోడ పెద్దభాగం చచ్చిపోయినా, రోగి పరిస్థితి వేగంగా దిగజారుతున్నా ఇప్పటికీ శస్త్రచికిత్సకుడి కత్తియే శరణ్యం. ఎండోస్కోపీ చేసే గది ప్రక్కనే ఆ కత్తి సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే ఈ వైద్యం చేయించుకోవటం మంచిదని నా అభిప్రాయం.

ఇంతవరకు వ్రాసినది వైద్యుల పని. రోగి చేయవలసిన పని ఒక్కటే, మ్రింగకుండా ఉండటం. అది ఎంత కష్టమో ఆ నెల రోజులలో తెలిసింది. ముక్కులోనుండి మరొక సన్నని గొట్టాన్ని జీర్ణాశయం దాటించి చిన్నప్రేగులో ఉంచి, ద్రవాహారాన్ని బొట్లుబొట్లుగా పోసేవారు. మ్రింగలేని రోగికి వెండి గొట్టంతో ఆహారం అందించే ఉపాయాన్ని స్పెయిను దేశంలో సెవిల్ నగరపు వైద్యుడు ఇబ్న్ జుహ్ర్ 12వ శతాబ్దంలోనే తన ‘తైసీర్’ గ్రంథంలో వ్రాశాడట. వెండి పోయి ప్లాస్టిక్ వచ్చింది, ఉపాయం అదే. ఒంటికి బలం చేరుతున్నా నాలుకకు అది తెలియదు. మామూ అన్నం అడుగలేదు, మాంసం అడుగలేదు. “ఒక్క గుక్క నీళ్ళు, బేటా,” అని అడిగేవారు. తడి దూదితో పెదవులు తుడవటంకంటె ఎక్కువ చేయటానికి అనుమతి లేదు. పదునాలుగవనాడు ప్రక్క మంచం రోగి బంధువు జాలిపడి గ్లాసు అందించబోయాడు. ముమానీ దానిని లాక్కొని కిటికీలోనుండి పారబోసి, వరండాలోకి వచ్చి ఏడ్చింది.

ఇరవై ఏడవనాడు మళ్ళీ రంగుద్రవం మ్రింగించి చూచారు. తెర మీద తెల్లని గీత ఎక్కడా ప్రక్కకు తొలగక తిన్నగా జీర్ణాశయంలోకి దిగింది. సాయంకాలం చెంచాతో నీళ్ళు ఇచ్చారు. మరునాడు పలుచని జావ, ఇరవై తొమ్మిదవనాడు ఇల్లు.

మానిన చోట మచ్చ బిగిసి దారి ఇరుకు కావటం ఈ వ్యాధిలో తరచుగా ఉన్నదే. రెండు నెలల తరువాత రొట్టె ముక్క దిగటం లేదని ఆయన అన్నప్పుడు ఈసారి ఎవరమూ అరటిపండు వెదకలేదు. బెలూనుతో రెండుసార్లు వెడల్పు చేశారు. ఇప్పుడు అన్నీ తింటున్నారు. మాంసం వండిన రోజున మాత్రం ముమానీ ఆయన పళ్ళెం ముందుగా తన దగ్గరకు లాక్కొని, ఎముకలన్నీ ఏరిన తరువాతనే ఆయన ముందుకు జరుపుతుంది.